వంతెన ఎందుకు కట్టారంటే

హెడ్డాఫీసు, ప్రచార విభాగం
ఫిబ్రవరి 6

పూజ్యులైన అత్తయ్యకు,

మేనల్లుడు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్లు మామూలే. మీరు ఫోను ఎత్తరని తెలుసు కనక ఉత్తరమే రాస్తున్నాను.

ఒక శుభవార్త. మీ ఇంటి ఎదురుగా ఉన్న మన శివారు స్టేషన్‌కు ఈ ఆగస్టుతో నూరేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా ముప్పై రెండు పేజీల పుస్తకం వేస్తున్నారు. స్టేషన్ చరిత్ర, ప్రయాణికులకు అందుతున్న సేవలు అని రెండు భాగాలు. రాసే బాధ్యత నాకు అప్పగించారు. నాన్న అక్కడ పద్నాలుగేళ్లు స్టేషన్ మాస్టరుగా చేశారు కదా, ఆ క్వార్టర్సులో పెరిగినవాడివి నువ్వే రాయాలి అన్నారు మా పెద్దసారు. అదే స్టేషన్‌లో ముప్పై ఏళ్లు అనౌన్సరుగా చేసిన మీకన్నా తెలిసినవాళ్లు ఇంకెవరున్నారు? పది ప్రశ్నలు జతచేశాను. ఒక్కోదానికి నాలుగు వాక్యాలు మించకుండా, వీలైనంత ఆహ్లాదకరంగా జవాబులు పంపగలరు.

మీ మేనల్లుడు


స్టేషన్ ఎదురు మేడ
ఫిబ్రవరి 15

ఒరే సన్నాయీ,

చిన్నప్పుడు నువ్వు ఏడుపందుకుంటే గూడ్సు బండి కూత కూడా వినపడేది కాదు, అందుకని నేను పెట్టిన పేరది. నలభై దాటి ఆఫీసరువైనా నాకు నువ్వు సన్నాయివే. 'నమస్కరించి రాయునది' అంటూ సెలవు చీటీ రాసినట్టు రాయకు. ఫోను ఎందుకెత్తనంటే, ముప్పై ఏళ్లు జనం చెవుల్లో అరిచాను, ఇక ఎవరూ నా చెవిలో అరవకూడదని.

ఆహ్లాదకరంగా రాయమన్నావు. ఆ స్టేషన్‌లో ఆహ్లాదకరమైనది ఒక్కటే, సాయంత్రం రెండో ప్లాట్‌ఫారం మీద పడే నీడ. అదీ మీవాళ్లు వేసింది కాదు, పక్కనున్న పిండిమర గోడది.

నీ మొదటి ప్రశ్న, 'స్టేషన్ స్థాపనకు కారకులైన మహనీయులు ఎవరు?' మహనీయుడు ఒక్కడే, ఇటుకబట్టీల ఆసామి. భూమి దానం చేశాడని బయట రాతిపలక ఉంది. దానం చేసింది ఏమిటో తెలుసా? మట్టి తవ్వుకోగా మిగిలిన గొయ్యి. పట్టాలు తిన్నగా ఊరి పక్కనుంచి పోవాల్సింది. వాటిని ఆ గొయ్యి కోసం వంకర తిప్పి ఆయన బట్టీ గుమ్మం ముందునుంచి తీసుకుపోయారు. అప్పటినుంచి ఊరొక దిక్కు, స్టేషనొక దిక్కు. జనం ఇరవై నిమిషాలు నడిచి వస్తారు. ఆ వంకర మూలంగా బండి మీదికొచ్చేదాకా కంటికి కనపడదు. బట్టీ పోయింది, ఆసామి పోయాడు, వంకర మిగిలింది. దీన్ని ఎలా అందంగా రాస్తావో నీ తిప్పలు నువ్వు పడు.

ఇక సేవలు. వెయిటింగ్ రూము ఉంది, తాళం వేసి. తాళంచెవి కాంట్రాక్టరు దగ్గర ఉంది. కాంట్రాక్టరు ఎక్కడున్నాడో అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గడియారాలు రెండున్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ ఏడు నిమిషాలు తేడా. ఇప్పటి స్టేషన్ మాస్టర్ని అడిగితే, రెండూ ఒకటే చూపించేటట్టయితే రెండెందుకమ్మా అన్నాడు. లిఫ్టు ఉంది. నిరుడు మీ పెద్దసారే వచ్చి రిబ్బను కత్తిరించి, ఎక్కి, దిగాడు. ఆ తర్వాత అది కదిలితే ఒట్టు. కుళాయి మీద 'నీటిని వృథా చేయరాదు' అని బోర్డుంది. ఆ మాటను తుచ తప్పకుండా పాటించేది కుళాయి ఒక్కటే, చుక్క వదలదు.

పదో ప్రశ్న, 'పాదచారుల వంతెన నిర్మాణ నేపథ్యం.' దానికి జవాబు నువ్వే రాయి. ఏం రాస్తావో చూస్తాను.

అత్తయ్య


హెడ్డాఫీసు
ఏప్రిల్ 2

పూజ్యులైన అత్తయ్యకు,

మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. కాని పుస్తకం దారి వేరు కదా. చరిత్ర భాగం చిత్తుప్రతి పంపుతున్నాను. ఆసామిగారిని భూదాత అనే రాశాను, రాతిపలక మీద అలాగే ఉంది మరి. వంతెన గురించి, 'పెరుగుతున్న ప్రయాణికుల అవసరాలను ముందుచూపుతో గుర్తించి నిర్మించడమైనది' అని రాశాను.

ఇంకో సంతోషం. ఉత్సవం రోజున నాన్న ఫొటో ఆవిష్కరిస్తారట, ఎక్కువకాలం పనిచేసిన స్టేషన్ మాస్టరుగా. అమ్మ అప్పుడే ఏ చీర కట్టుకోవాలా అని చూసుకుంటోంది.

ఆ ప్రమాదం ఊసు నేను ఎక్కడా ఎత్తలేదు. ఫైల్లో మీ గురించి ఉన్నది చూశాను. ఇన్నేళ్ల తర్వాత నలుగురిలో మీకు ఇబ్బంది కలగడం నాకిష్టం లేదు. పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. ఇంటి మనిషి పరువు కాపాడుకోవడం మన బాధ్యత.

మీ మేనల్లుడు


స్టేషన్ ఎదురు మేడ
ఏప్రిల్ 11

సన్నాయీ,

'ముందుచూపుతో' అనే మాట దగ్గర కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివాను. అదే ఉంది. మసిపూసి మారేడుకాయ చేయడం మీ విభాగానికి వృత్తి అని తెలుసు. మా ఇంట్లో పెరిగినవాడికి ఇంతగా చెయ్యి తిరిగిందని మాత్రం అనుకోలేదు.

నా పరువు కాపాడుతున్నావా? ఎవరడిగారు నిన్ను? పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయన్నావు. నాకు జరగలేదు. అప్పటికి నువ్వు పదిహేనేళ్లవాడివి, పరీక్షలని పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నావు. నీకు ఎవరు ఏం చెప్పారో నాకు తెలియదు. నేను చెప్పేది ఇప్పుడు విను.

బొత్తాలావిడ గుర్తుందా? పట్టాల అవతల కుట్టుపని చేసేది. కుట్టిన యూనిఫారాలు మూటకట్టుకుని రోజూ ఎనిమిదీ పది లోకల్‌కు పట్నంలో షాపుకు తీసుకెళ్లేది. బోగీలో ఎవరి చొక్కాకు బొత్తాం వేలాడుతున్నా పిలిచి కుట్టేసేది, అందుకని ఆ పేరు.

ఎనిమిదీ పది ఎప్పుడూ ఒకటో ప్లాట్‌ఫారం మీదికే వస్తుంది. ఆ రోజు ఆ లైన్లో గూడ్సు బండి చెడిపోయి ఆగింది. లోకల్‌ను రెండోదానికి మళ్లించారు. మళ్లించేది సిగ్నళ్లు చూసే కేబిన్‌వాళ్లు. వాళ్లు స్టేషన్ మాస్టరుకు ఫోను చేయాలి, ఆయన నాకు చెప్పాలి, నేను మైకులో చెప్పాలి. మీ నాన్న నా గది తలుపు తోసి, 'రెండో ప్లాట్‌ఫారం, తొందరగా చెప్పు' అనేసరికి నా ఎదురుగా గడియారంలో ఎనిమిదీ ఎనిమిది. చెప్పాను. మూడువందల మంది ఒకటో ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. అప్పటికి వంతెన లేదు. పట్టాల మీదికి దూకారు. వంకరలోంచి బండి వచ్చేసింది. అందరూ దాటారు, మూటతో ఉన్నావిడ తప్ప.

ఎంక్వైరీ ఒక్క పూటలో తేలిపోయింది. ఎనిమిది గంటలకే అనౌన్సరుకు చెప్పానని మీ నాన్న రాసిచ్చాడు. నన్ను లోపలికి పిలవలేదు. గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నదాన్ని, ఇక మీరు వెళ్లొచ్చమ్మా అన్నారు. 'అనౌన్సరు నిర్లక్ష్యం, ప్రయాణికురాలి తొందరపాటు' అని తేల్చి, ఆరేళ్లపాటు నన్ను మైకుకు దూరంగా పార్సిలు గదిలో కూర్చోబెట్టారు. ఏడాది తిరక్కుండా వంతెన లేచింది. అదీ మీ ముందుచూపు.

ఫొటో పెట్టుకోండి. చచ్చినవాడి కళ్లు చారెడన్నారు. కాని పదో ప్రశ్న వేసింది నువ్వు, జవాబిది. నాలుగు వాక్యాలు మించింది, సర్దుకో.

అత్తయ్య


హెడ్డాఫీసు
ఏప్రిల్ 24

అత్తయ్యకు,

నాన్న పోయి నాలుగేళ్లయింది. తిరిగి జవాబు చెప్పుకోలేని మనిషి మీద ఇలా రాయడం మీకు తగునో లేదో మీరే ఆలోచించండి. ఫైలు నేను మొదటినుంచి చివరిదాకా చదివాను. నాన్న వాంగ్మూలం స్పష్టంగా ఉంది. ఆ రోజు తనిఖీకి వచ్చిన ఆఫీసరుగారు దాని కింద సాక్షిగా సంతకం కూడా పెట్టారు. మా ఇంట్లో నాన్న నోట అబద్ధమనేది నేను వినలేదు.

మీరు చెప్పేదే నిజమైతే అప్పుడే పైకి అప్పీలు ఎందుకు చేసుకోలేదు? ఆ తర్వాత ఇరవై రెండేళ్లు మా గడప తొక్కలేదు. ఆయన మంచాన పడితే కబురు చేశాం, రాలేదు. నోరు పెద్దదైతే మాట నిజమైపోదు.

అమ్మకు మీ ఉత్తరం చూపించలేదు. ఈ సంగతి ఇంతటితో వదిలేద్దాం. పుస్తకంలో మార్పేమీ ఉండదు.

మీ మేనల్లుడు


స్టేషన్ ఎదురు మేడ
ఏప్రిల్ 30

సన్నాయీ,

అప్పీలు చేశాను. రెండుసార్లు. 'పరిశీలనలో ఉన్నది' అని కార్డు వచ్చింది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నట్టున్నారు. మీ నాన్న మంచాన పడ్డప్పుడు రాకపోవడం నిజమే. వచ్చి ఏం మాట్లాడాలో తెలియక రాలేదు. దానికి నీకు సంజాయిషీ ఇచ్చుకోను.

ఫైలు చదివానన్నావు. ఫైలంటే ఒకరు ఎంచి కుట్టిన కాగితాలు. కేబిన్ రిజిస్టరని ఇంకోటి ఉంటుంది. బండిని వేరే లైనుకు మళ్లించినప్పుడల్లా కేబిన్‌వాడు ఎన్ని గంటలకు మళ్లించాడో, స్టేషన్ మాస్టరుకు ఎన్ని గంటలకు చెప్పాడో అందులో రాసి సంతకం పెడతాడు. ప్రమాదం జరిగిన ఏడాది రిజిస్టర్లు పారేయరు, మీ హెడ్డాఫీసు కింద పాత రికార్డుల గదిలో పడేస్తారు. నన్ను చూడనివ్వలేదు. ఎంక్వైరీ చేసినాయన కేబిన్ దాకా నడవలేదు, ఎండగా ఉందట. నువ్వు మెట్లు దిగితే చాలు.

అత్తయ్య


ఇంటి నుంచి
జూన్ 12

పూజ్యులైన అత్తయ్యకు,

మే మొదటివారంలోనే మెట్లు దిగాను. చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది.

రిజిస్టరు ఉంది. లోకల్‌ను మళ్లించి స్టేషన్ మాస్టరుకు ఫోను చేసింది ఎనిమిదీ మూడుకు. కేబిన్‌కే అప్పుడు తెలిసిన సంగతిని నాన్న ఎనిమిదింటికే మీకెలా చెబుతారు? అక్కడే నేలమీద కూర్చుని ఆ వరస నాలుగుసార్లు చదివాను.

మొన్న ఆదివారం అమ్మను అడిగాను. అమ్మ లేచి, బట్టల బీరువా అడుగు అరలోంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టింది. నాన్న చేతిరాత. ఎంక్వైరీ అయిన మూడోరోజు తారీకు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

'ఎనిమిదీ మూడుకు కేబిన్ ఫోను వచ్చింది. అప్పుడు ఆఫీసరుగారు పూలకుండీల వరస గురించి చెబుతున్నారు. మాట మధ్యలో వెళ్లడానికి భయపడి నించున్నాను. ఆయన ముగించేసరికి ఎనిమిదీ ఎనిమిది. తర్వాత, తాను స్టేషన్‌కు రాకముందు టైము వేయమని ఆయన చెబితే ఎనిమిది అని రాశాను. అనౌన్సరు తప్పు లేదు. ఆమె నా చెల్లెలు కనక ఈ మాట అనడం లేదు.'

దీన్ని పై ఆఫీసుకు పోస్టు చేయమని అమ్మకు ఇచ్చారట. అమ్మ చేయలేదు. ఉద్యోగం పోతుంది, క్వార్టర్సు ఖాళీ చేయాలి, నేనేమో పరీక్షల్లో ఉన్నాను, అందుకని దాచేశానంది. నాన్న రోజూ పోస్టు కోసం చూసేవారట. నెలైనా జవాబు రాకపోయేసరికి పైవాళ్లే తొక్కిపెట్టారని అనుకున్నారట. మరి ఇంకోటి రాయలేదా అని అడిగాను. 'రాయలేదు,' అంది అమ్మ. 'నేను పోస్టు చేశానో లేదో కూడా అడగలేదు.'

నేను ఏప్రిల్ ఇరవై నాలుగున రాసిన ఉత్తరం చించేయండి. ఇప్పుడేం చేయమంటారో చెప్పండి.

మీ సన్నాయి

తా.క. ఇది పోస్టు చేసేలోగా చూస్తే అమ్మ ఇంట్లో లేదు. కవరు తీసుకుని మీ దగ్గరికి బయలుదేరుతున్నానని చీటీ పెట్టి వెళ్లింది.


స్టేషన్ ఎదురు మేడ
జూన్ 23

సన్నాయీ,

నీ ఉత్తరం చించలేదు. నీ తెలివితక్కువతనానికి ఒక రుజువుండాలి.

మీ అమ్మ నీ ఉత్తరం కన్నా రెండు రోజులు ముందే వచ్చింది. ఆ మోకాళ్లతో వంతెన నలభై రెండు మెట్లు ఎక్కి, నలభై రెండు దిగి, నా మేడ మెట్లెక్కి, గుమ్మంలో నించుని రొప్పుతోంది. నేను కూర్చోమనలేదు. అనాలనిపించలేదు. నించునే మొత్తం చెప్పింది. కాగితం చూపించింది. చదివి, 'ఒక ఉత్తరం రాసినవాడు రెండోది రాయలేడా వదినా?' అన్నాను.

'రాయలేడు,' అంది. 'మొదటిది కూడా, నేను పోస్టు చేయనని తెలిసే నా చేతికిచ్చాడేమోనని నా అనుమానం.'

ఇరవై ఆరేళ్లలో మన ఇంట్లో ఒకరి నోట నేను విన్న మొదటి నిజం అది. అప్పుడు కూర్చోమన్నాను.

ఆయన ఫొటో పెట్టనివ్వనని మీ అమ్మ పట్టుబట్టింది. పెట్టనీ అన్నాను. పద్నాలుగేళ్లు బాగానే చేశాడు, ఐదు నిమిషాలు తప్ప. ఆ ఐదు నిమిషాల సంగతి మీ పుస్తకం కన్నా ముందు వినాల్సిన మనిషి ఒకరున్నారు. బొత్తాలావిడ చెల్లెలు. పట్టాల అవతల, అదే గదిలో, అదే పని. నేను ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది. నేను నా రవికలు మూడు స్టేషన్ల అవతలికి పోయి కుట్టించుకుంటాను.

మర్నాడు పదింటికి ఇద్దరం వంతెన ఎక్కాం. మీ అమ్మ పది మెట్లకొకసారి ఆగింది. నేనూ ఆగాను, మోకాళ్ల వల్ల కాదు.

ఆమె మిషను మీద ఉంది. మమ్మల్ని చూసి కూడా తొక్కడం ఆపలేదు. ఎవరమో, ఎందుకొచ్చామో చెప్పి, కాగితం చదివి వినిపించాను. 'దీన్ని దాచింది నేనే' అని మీ అమ్మ చెప్పింది. అప్పుడు మిషను ఆగింది.

'ఇంత చెప్పడానికి ఇరవై ఆరేళ్లు పట్టిందా మీకు?' అంది ఆమె.

నోరు పెద్దదన్నావు చూడు, ఆ నోరు ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ ఆ గుమ్మం దాకా రాలేదు. పార్సిలు గదిలో కూర్చుని నాకు జరిగిన అన్యాయాన్ని ఆరేళ్లు నెమరేసుకున్నాను. పట్టాలు దాటివచ్చి, నాకు చెప్పింది ఎనిమిదీ ఎనిమిదికమ్మా అని ఈమెతో ఒక్క ముక్క చెబుదామని ఒక్కనాడూ అనుకోలేదు. మీ నాన్నకు ఆఫీసరంటే భయం అడ్డమొచ్చింది. నాకేం అడ్డమొచ్చింది? పౌరుషం. వచ్చి చెబితే ఎక్కడ బతిమాలుకున్నట్టవుతుందోనని. ఇన్నాళ్లూ అందరినీ తూర్పారబట్టినదాన్ని, నన్ను నేను జల్లెడలో వేసుకోలేదు.

పుస్తకం వేస్తున్నారని, ఏం రాయమంటారో మీరే చెప్పమని అడిగాను. చేతిలో గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది.

'తొందరపాటు అని రాశారు కదా అప్పుడు. మా అన్నయ్య ఇప్పటికీ అదే అంటాడు, దానికంత తొందరేమొచ్చిందీ అని. మా అక్క పరిగెత్తే మనిషి కాదు. రోజూ పావుగంట ముందే వెళ్లి కూర్చునేది. పరిగెత్తాల్సి వచ్చేట్టు చేశారు, పరిగెత్తింది. అది రాయండి.'

అది రాయి. ఆహ్లాదకరంగా అక్కర్లేదు.

అత్తయ్య


హెడ్డాఫీసు
ఆగస్టు 20

అత్తయ్యా,

ఉత్సవం అయిపోయింది. స్టేషన్ నూరేళ్ల పండగ మా హెడ్డాఫీసు ఆడిటోరియంలో చేశారు. స్టేషన్‌లో ఎండ, మెట్లు, కుర్చీలకు చోటు లేదు అన్నారు. మీ ఊరినుంచి ఒక్క ప్రయాణికుడు కూడా రాలేదు, ఎవరినీ పిలవలేదు కనక.

వంతెన పేరాను మా పెద్దసారు మూడుసార్లు కొట్టేశారు. 'శుభమా అని పుస్తకం వేస్తుంటే శవాలెందుకయ్యా' అన్నారు. రెండుసార్లు నీళ్లు నమిలి ఊరుకున్నాను, మా నాన్న కొడుకునే కదా. మూడోసారి నాన్న కాగితం నకలు, కేబిన్ రిజిస్టరు నకలు ఆయన టేబులు మీద పెట్టాను. ఆ పేరా లేకపోతే రాసినవాడిగా నా పేరు, నాన్న ఫొటో రెండూ తీసేయండి, ఎందుకు తీశారని అడిగినవాళ్లకు ఈ రెండూ చూపిస్తానన్నాను. ఆయన కాగితం చదివి మొహం మాడ్చుకున్నారు. పూలకుండీల ఆఫీసరుగారు ఎవరో ఆయనకు తెలుసు. రిటైరై పదేళ్లయినా, ఉత్సవానికి ముఖ్య అతిథి ఆయనే.

చివరికి బేరం కుదిరింది. ఆఫీసరు ఊసు రాకూడదు. పేరా చరిత్రలో ఉండకూడదు. 'సేవలు' భాగంలో ఇరవై ఏడో పేజీలో, మరుగుదొడ్లకూ తాగునీటికీ మధ్య వేశారు. ఇదీ అచ్చయింది.

'పాదచారుల వంతెన. ఇరవై ఆరేళ్ల క్రితం ఒక ఉదయం లోకల్ బండిని రెండో ప్లాట్‌ఫారానికి మార్చిన సంగతి స్టేషన్ మాస్టరు అనౌన్సరుకు ఐదు నిమిషాలు ఆలస్యంగా చెప్పారు. అనౌన్సరు తప్పు లేదు. పట్టాలు దాటుతూ, కుట్టుపని చేసే ఒకావిడ చనిపోయారు. ఆమె పరిగెత్తే మనిషి కాదు. రోజూ పావుగంట ముందే వచ్చి కూర్చునేవారు. పరిగెత్తాల్సి వచ్చేట్టు చేశారు, పరిగెత్తారు. ఆ తర్వాత ఈ వంతెన కట్టారు.'

'స్టేషన్ మాస్టరు' అన్న మాట రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. ఆ ముఖ్య అతిథే నాన్న ఫొటో మీద గుడ్డ లాగి, ఎంత నిజాయితీపరుడో అని రెండు నిమిషాలు మాట్లాడారు. నేను చప్పట్లు కొట్టలేదు.

రెండు కాపీలు పంపుతున్నాను. అమ్మ ఎప్పుడొస్తుంది?

మీ సన్నాయి


స్టేషన్ ఎదురు మేడ
ఆగస్టు 29

సన్నాయీ,

రెండు కాపీలూ అందాయి. ముప్పై రెండు పేజీల్లో మీ పెద్దసారు ఫొటోలు పదకొండు. బండి ఫొటో ఒక్కటే, అదీ వేరే స్టేషన్‌లో తీసింది. 'సుగంధ పరిమళాలతో అలరారే మరుగుదొడ్లు' అని రాసిన చేత్తోనే ఆ కింద పేరా ఎలా రాశావో నాకు అంతుపట్టలేదు. మీ నాన్న పోలికే. కాకపోతే నువ్వు నీ ఉత్తరం నువ్వే పోస్టు చేశావు.

నిన్న వదినా నేనూ అవతలికి వెళ్లి ఆమెకు ఒక కాపీ ఇచ్చాం. ఇరవై ఏడో పేజీ తీసి నించునే చదివింది. 'పరిగెత్తే మనిషి కాదు' అన్నచోట వేలు పెట్టి మళ్లీ చదివింది. మమ్మల్ని కూర్చోమనలేదు. మొహం మాత్రం తిప్పుకోలేదు. తర్వాత నా చేతిలో ఉన్న రెండో కాపీ చూసి, 'అది కూడా ఇవ్వండి, మా అన్నయ్యకు పంపాలి' అంది. ఇచ్చేశాను.

మీ అమ్మ వానలు తగ్గాక వస్తానంటోంది. తగ్గినా పంపే ఉద్దేశం నాకు లేదు. పొద్దున లేచింది మొదలు పోట్లాడుకుంటున్నాం, ఇరవై ఆరేళ్ల బాకీ ఉంది.

కాబట్టి నా దగ్గర ఇప్పుడు ఆ పుస్తకం లేదు. ఇంకోటి పంపకు. చదవాల్సిన పేజీ చదివాను. మిగతా ముప్పై ఒకటీ మీ పెద్దసారునే చదువుకోమను.

అత్తయ్య